వేసిన తాళము – తీయని తాళము

తాళము లేని ఇల్లు లేదు. తెలుగులో తాళము, ఉర్దూలో తాలా. మా కళాశాల నడవలో ఈ రెండు మాటలును ఒకే పూట, ఒక్కొక్కప్పుడు ఒకే నోట వినబడుచుండును. తాళమనగానే మనకు బీరువా, దుకాణము, ధాన్యపు కొట్టు జ్ఞప్తికి వచ్చును. కాని కంప్యూటరు లోపల కూడ తాళములు కలవనియు, అవి ఒక్క క్షణములో వేలమార్లు వేయబడి తీయబడుచుండుననియు, వాటిలో ఒక్కదానిని తీయుట మరచినచో యంత్రమంతయు కొయ్యబారి నిలిచిపోవచ్చుననియు చాలమంది ఎరుగరు. కంప్యూటర్ సైన్సు చివరి సంవత్సరపు విద్యార్థులమైన మేము ఈ యేడు కొన్ని నెలలపాటు ఆ తాళములను గూర్చియు, వాటి విషయమై తనిఖీ ప్రోగ్రాములు చేయు హెచ్చరికలను గూర్చియు శ్రద్ధగా చదివినాము. మాకు తెలిసిన కొద్దిని తోటి విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కెర్నల్ అను ఆంగ్లపదమునకు గింజలోని పప్పు అని అర్థము. ఆపరేటింగ్ సిస్టమునకు అదియే గర్భము. మెమరీ, డిస్కు, నెట్‌వర్కు, తెర, మీటలు – వీటన్నిటి పంపకము దాని చేతిలోనిది. నేడు సామాన్యుని చేతి సెల్‌ఫోనులో సైతము పెక్కు ప్రాసెసర్ కోర్లు కలిసి పని చేయుచున్నవి. పనివారు పెక్కురు, లెక్కల పుస్తకము ఒక్కటి. ఇక్కడనే చిక్కు మొదలగును.

రేషను దుకాణములో ఇద్దరు గుమాస్తాలు ఒకే రిజిస్టరు చూచి బియ్యము ఇచ్చుచున్నారనుకొందము. రిజిస్టరులో 50 బస్తాలున్నవి. మొదటివాడు 50 అని చూచినాడు. అదే నిమిషమున రెండవవాడును 50 అని చూచినాడు. ఇద్దరును చెరియొక బస్తా ఇచ్చి, ఇద్దరును 49 అని వ్రాసినారు. పోయినవి రెండు బస్తాలు, లెక్కలో తగ్గినది ఒక్కటి. ఇద్దరిలో ఎవరును దొంగ కాదు. ఎవరికిని కూడిక తీసివేత రాకపోలేదు. ఒకరు వ్రాయుచుండగా మరొకరు చూడకుండ అడ్డుకొను కట్టడి లేకపోవుటయే లోపము. ఆ కట్టడి పేరే తాళము.

మన రైల్వేవారు ఈ సంగతి కంప్యూటర్ల కంటె ఎంతో ముందే ఎరుగుదురు. పెద్దపల్లి నుండి కరీంనగరు మీదుగా నిజామాబాదుకు పోవు మార్గము ఒంటి లైనుగా వేయబడినది. ఒంటి లైనుపై రెండు స్టేషన్ల నడుమ ఒకే సమయమున ఎదురెదురుగా రెండు బండ్లు నడువరాదు. పూర్వము ఇట్టి లైన్లపై డ్రైవరు చేతికి ఒక టోకెన్ ఇచ్చెడివారు. అది చేతిలో లేనిదే బండి కదలరాదు. ఇరు స్టేషన్లలోని టోకెన్ యంత్రములు తీగతో ముడిపడి యుండుటచేత ఒక టోకెన్ బయట ఉండగా రెండవది వెలుపలికి రాదు. హాలెండు దేశీయుడైన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1960ల దశకములో కంప్యూటరు పనులకు ఇట్టి కట్టడినే సూత్రముగా కూర్చి, దానికి సెమఫోర్ అని పేరు పెట్టినాడు. సెమఫోర్ అనగా మరేమియు కాదు, మన పెద్దలు మంచిర్యాల, కాగజ్‌నగర్ స్టేషన్లలో చూచిన, లేచి వాలెడి ఆ సిగ్నలు చెయ్యియే.

ఫిన్లాండులో విద్యార్థిగా ఉన్న లీనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నలును ప్రపంచమునకు ఇచ్చినాడు. దాని మూలగ్రంథమును ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. కరీంనగరులో కూర్చున్న మాబోటివారికి అది గొప్ప భాగ్యము. 1996లో వెలువడిన 2.0 కూర్పుతో అది ఒకటికి మించిన ప్రాసెసర్లపై నడువనేర్చినది. అప్పుడు కెర్నలు మొత్తమునకు ఒకే పెద్ద తాళము వేసినారు. వాడ అంతటికి ఒకే తలుపు వంటిది అది. భద్రమే గాని అందరును ఆ గుమ్మము ముందు బారులు తీరవలెను. క్రమముగా గదికొక తాళము, పెట్టెకొక తాళము ఏర్పడినవి. 2011 మే నెలలో వచ్చిన 2.6.39 కూర్పుతో ఆ పెద్ద తాళము పూర్తిగా తొలగిపోయినది. వేగము పెరిగినది. దానితోపాటు తాళములును వేల సంఖ్యకు పెరిగినవి. ఏ తాళము ముందు, ఏది తరువాత అను ప్రశ్న పుట్టినది.

ఈ ప్రశ్న ఎంత కఠినమైనదో తెలియుటకు ఊరి బావి వద్దకు పోదము. నీరు తోడుటకు చేంతాడును కావలెను, బొక్కెనయు కావలెను. ఒకామె ముందుగా చేంతాడు చేపట్టి బొక్కెన కొరకు చూచుచున్నది. వేరొకామె బొక్కెన చేపట్టి చేంతాడు కొరకు చూచుచున్నది. చేతిలోనిది ఎవరును విడువరు, ఎదుటివారి చేతిలోనిది ఎవరును లాగుకొనరు. ప్రొద్దు గూకినను ఇద్దరి కుండలును ఖాళీయే. దీనినే డెడ్‌లాక్ అందురు. 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ అను మువ్వురు దీనికి నాలుగు షరతులు చెప్పినారు: వస్తువు ఒకసారి ఒక్కరికే చెల్లవలెను, చేతిలోనిది విడువకయే మరొకదానికై వేచియుండవలెను, బలవంతముగా లాగుకొను వీలు ఉండరాదు, ఎదురుచూపు ఒక వలయముగా ఏర్పడవలెను. నాలుగింటిలో ఒక్కటి తప్పినను డెడ్‌లాక్ కలుగదు. కెర్నలు వ్రాయువారు సాధారణముగా నాలుగవదానిని త్రుంచుదురు. ఎవరైనను సరే, ముందు చేంతాడు, పిమ్మట బొక్కెన అని కట్టుబాటు చేసికొందురు. బావి వద్ద ఇద్దరే కనుక ఇది సులభము. వేల తాళములు, వేలాది రచయితలు ఉన్నచోట ఆ కట్టుబాటును ఎవరు గుర్తుంచుకొందురు? ఎవరు కాపాడుదురు?

‘నడిపి చూచినచో తెలియును గదా’ అని మాలో కొందరు మొదట వాదించినారు. ఈ వాదమును తోసివేయుటకు వీలులేదు. మన ప్రయోగశాల పరీక్షలన్నియు దానిమీదనే నడుచుచున్నవి. కాని తాళపు లోపములు నడకలో తేలికగా బయటపడవు. ఇద్దరు స్త్రీలును ఒకే క్షణమున బావి వద్దకు వచ్చినప్పుడే చిక్కు. లక్షసార్లు ఒకరి తరువాత ఒకరు వచ్చి నీరు తోడుకొని పోవుచున్నంతకాలము కట్టుబాటు లేదన్న సంగతియే తెలియదు.

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య భాగములోను కెనడాలోను సుమారు 5 కోట్ల మందికి విద్యుత్తు నిలిచిపోయినది. తీగలు చెట్లకు తగిలి లైన్లు పనిచేయక ఆగిపోవుట మొదలగు కారణములు పెక్కు కలవు. ఐనను ఒహాయో రాష్ట్రములోని ఒక కంట్రోల్ రూములో ప్రమాదపు గంట మ్రోగవలసిన ప్రోగ్రాము గంటకు పైగా మూగవోయినది. అది మూగవోయినదన్న సంగతి కూడ అక్కడివారికి తెలియలేదు. రెండు పనులు ఒకే సమాచారమును ఒకేసారి దిద్దుటకు అవకాశము దొరకుటయే ఆ మూగతనమునకు మూలమని, వారముల తరబడి లక్షల వరుసల ప్రోగ్రామును శోధించిన పిదప తేలినది. అంతకుముందు ఆ ప్రోగ్రాము చక్కగా నడిచినదే. 2600 మెగావాట్ల రామగుండం విద్యుత్కేంద్రపు పొగగొట్టములను చూచుచు పెరిగిన మా మిత్రులకు ఈ కథ దూరదేశపు ముచ్చటగా తోచలేదు.

మరి నడుపకుండ తప్పు పట్టుట ఎట్లు? దస్తావేజు వ్రాసినపిదప రిజిస్ట్రేషనుకు పోకమునుపే అనుభవజ్ఞుడైన లేఖరి దానిని చదివి, ‘తూర్పు హద్దు వ్రాయలేదు, ఇది రేపు తగవు అగును’ అని చెప్పును. తగవు ఇంకను పుట్టలేదు. కోర్టు తలుపు ఎవరును తట్టలేదు. కాగితము చదివియే అతడు చెప్పినాడు. ప్రోగ్రామును నడుపక, దాని వ్రాతను మాత్రము చదివి దోషములు చెప్పు విద్యను స్టాటిక్ అనాలిసిస్ అందురు. 2000లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాసన్ ఎంగ్లర్ బృందము ఈ విధముగా లినక్స్ వ్రాతను శోధించి పెక్కు దోషములు చూపినది. 2003లో టోర్వాల్డ్స్ స్వయముగా స్పార్స్ అను తనిఖీ ప్రోగ్రామును వ్రాసినాడు. దాని పునాదిపై డాన్ కార్పెంటర్ స్మాచ్ అను మరొకదానిని నిర్మించినాడు. మైక్రోసాఫ్టులో థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి అను ఇరువురు స్లామ్ అను పరిశోధన జరిపి, విండోస్ డ్రైవర్లు తాళములను వరుస తప్పక వేసి తీయుచున్నవా అని గణితముతో పరీక్షించు సాధనమును కల్పించినారు. శ్రీరామ్ రాజమణి తరువాత బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయమునకు అధిపతియైనాడు.

ఇట్టి సాధనములలో మేము స్పార్స్‌ను ఎన్నుకొని, సాయంకాలములందు ప్రయోగశాలలో లినక్స్ డ్రైవర్ల వ్రాతపై దానిని ప్రయోగించి, వచ్చిన హెచ్చరికలను ఒక్కొక్కటిగా చదివినాము. దాని లెక్క సులభము. తాళము వేసినచో ఒకటి కూడును, తీసినచో ఒకటి తీసివేయును. ఒక ఫంక్షనులోనికి ప్రవేశించునప్పటి లెక్కయు, వెలుపలికి వచ్చునప్పటి లెక్కయు సరిపోనిచో ‘కాంటెక్స్ట్ ఇంబ్యాలెన్స్’ అని హెచ్చరించును. తాళమును వేయుటకో తీయుటకో ఉద్దేశించియే వ్రాసిన ఫంక్షనైనచో రచయిత ‘అక్వైర్స్’, ‘రిలీజెస్’ అను గుర్తులతో ఆ సంగతి ముందే ప్రకటించవలెను. అనగా మనస్సులోనున్న కట్టుబాటును కాగితముపై పెట్టవలెను.

ఈ లెక్క పట్టుకొను దోషములలో మిక్కిలి సామాన్యమైనది ఇట్టిది. ఫంక్షను ఆరంభమున తాళము వేసినారు, చివర తీసినారు. నడుమ ఎక్కడనో ‘మెమరీ దొరకనిచో వెంటనే తిరిగిపొమ్ము’ అని ఒక్క వరుస వ్రాసినారు. ఆ దారిన పోయినవాడు తాళము తీయకయే పోవును. మెమరీ దొరకకపోవుట అరుదు. కావున పరీక్షలో ఆ దారి నడువబడదు. ఎన్నడో ఒకనాడు నడువబడును. అటుపిమ్మట ఆ తాళము కొరకు వచ్చినవారందరును నిలువుకాళ్ళపై నిలిచిపోవుదురు. మాలో ఉర్దూ మాధ్యమమున చదివివచ్చిన మిత్రుడు దీనిని ‘తాలా లగాయా, ఖోల్నా భూల్ గయే’ అని ఒక్క ముక్కలో చెప్పినాడు. అప్పటినుండి ఆ హెచ్చరిక రాగానే మేమందరము ఆ మాటనే పలుకుచుంటిమి.

రెండవ రకము మరింత సూక్ష్మమైనది. స్పిన్‌లాక్ అను తాళము వేసికొన్నవాడు నిద్రపోరాదు. అనగా ప్రాసెసరును ఇతరులకు విడిచి వేచియుండరాదు. ఏలననగా తాళము కొరకు వచ్చినవారు కూర్చుండరు, గిరగిర తిరుగుచునే యుందురు. మెమరీ అడుగు కొన్ని పిలుపులు అవసరమునుబట్టి నిద్రపోవును. తాళము వేసినవాడు ఒక ఫైలులో, నిద్రపోవువాడు మరొక ఫైలులో ఉండుటచే చదువరి కంటికి ఆ సంబంధము కానరాదు. ఇట్టివానిని పిలుపు వెంట పిలుపుగా వెదకిపట్టుటలో స్మాచ్ సమర్థమైనది.

మూడవది తాళముల వరుసకు సంబంధించినది. దీనికై ఇంగో మోల్నార్, అర్యన్ వాన్ డ వెన్ కల్పించిన లాక్‌డెప్ 2006లో 2.6.18 కూర్పుతో కెర్నలులో చేరినది. ఇది కేవలము వ్రాతను చదువునది కాదు. కెర్నలు నడుచుచుండగా చూచునది. ఐనను ప్రమాదము జరుగువరకు వేచియుండదు. ఉదయమున ఒకామె చేంతాడు ముందు, బొక్కెన తరువాత పట్టుట చూచి గుర్తుంచుకొనును. సాయంత్రము వేరొకామె బొక్కెన ముందు, చేంతాడు తరువాత పట్టుట చూచును. ఇద్దరును కలిసికొననైన లేదు; ఇద్దరి కుండలును నిండినవి. ఐనను ‘పాసిబుల్ సర్క్యులర్ లాకింగ్ డిపెండెన్సీ’ అని కేక వేయును. జరిగినదానినిబట్టి జరుగగలదానిని చెప్పు ఈ నేర్పు మమ్ము మిక్కిలి ఆకర్షించినది.

ఇంతవరకు హెచ్చరికలకు స్తోత్రము చేసినాము. ఇక వాటి దుర్గుణమును కూడ చెప్పవలెను. అవి అన్నియు నిజములు కావు. ఏ ప్రోగ్రాము ఏమి చేయునో ముందుగా సంపూర్ణముగా చెప్పగల యంత్రము ఉండజాలదని 1936లో అలన్ ట్యూరింగ్ వేసిన పునాదిపై, 1953లో హెన్రీ రైస్ నిరూపించినాడు. కావున తనిఖీ ప్రోగ్రాము కొన్ని దోషములనైనను విడువవలెను, లేదా కొందరు నిర్దోషులనైనను శంకించవలెను. ఒక ఫంక్షనులో ‘జెండా ఎత్తియున్నచో తాళము వేయుము’ అనియు, చివర ‘జెండా ఎత్తియున్నచో తాళము తీయుము’ అనియు ఉన్నదనుకొందము. నడుమ జెండా మారదు. మనుష్యునికి ఇది సరియే. స్పార్స్ మాత్రము రెండు దారులు కలిసినచోట లెక్క కుదరక హెచ్చరించును.

ఇచ్చటనే మాలో పెద్ద చర్చ చెలరేగినది. ‘నాన్నా పులి’ కథ చిన్నప్పుడే చదివితిమి గదా, ఊరక అరచువానిని ఎవరు నమ్ముదురు అని ఒక పక్షము. దానికి జన్నారం వైపునుండి వచ్చిన మా మిత్రురాలు ఇట్లు బదులు చెప్పినది: ‘ఆ కథ పులి లేని ఊరివారు చెప్పుకొనునది. మా వైపు కవ్వాల అడవి 2012లో పులుల అభయారణ్యమైనది. మహారాష్ట్రలోని తడోబా నుండి పులులు వచ్చిపోవుచుండును. అటవీశాఖవారు పులి కొరకు చూడరు, తడినేలపై అడుగుజాడ కొరకు చూతురు. ఆ జాడ చిరుతపులిదే కావచ్చును, కుక్కదే కావచ్చును. ఐనను వంగి చూడకుండ ఎవరును దాటిపోరు. చూచి, కొలిచి, ఇది ఇది కాదు అని తేల్చినపిదపనే ముందునకు పోవుదురు.’ ఆ మాటతో చర్చ ముగియకపోయినను, మా చదువు తీరు మారినది. హెచ్చరిక అనునది నేరారోపణ కాదు, తీర్పు కాదు, అది అడుగుజాడ. దానిని నమ్ముటయు తొందరయే, కాలితో చెరిపివేయుటయు తొందరయే.

అటుపిమ్మట శంకితమైన ప్రతి వరుసకు ఎదుట మేము నోటుపుస్తకములో ఒక వాక్యము వ్రాయసాగినాము: ఇది నిజముగా దోషము, ఏలననగా, లేదా ఇది దోషము కాదు, ఏలననగా. ఈ ‘ఏలననగా’ వ్రాయుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును. దోషము కాదని మనసుకు తోచినను కారణము వ్రాయబోయినప్పుడు కలము ఆగిపోవును. జెండా నడుమ మారదని ఎట్లు తెలియును? ఎవరు హామీ? రేపు ఎవరైన మార్చినచో? యంత్రమునకు అర్థముకాని ఆ వ్రాత రేపు వచ్చు కొత్త ఉద్యోగికిని అర్థము కాకపోవచ్చును. కాబట్టి అబద్ధపు హెచ్చరిక కూడ ఒక్కొక్కప్పుడు నిజము చెప్పుచున్నది: ఇచ్చటి వ్రాత తేటగా లేదు అని.

మాకంటె రెండేండ్లు ముందు చదివి, మేమందరము భాయి అని పిలుచుకొను ఒకరు హైదరాబాదులో ఒక సంస్థలో ఉద్యోగము చేయుచున్నారు. హెచ్చరికల పట్టిక సాయంత్రములోగా ఖాళీ కావలెనని ఆయన పైవారు ఒకనాడు ఆజ్ఞాపించినారట. పట్టికను ఖాళీ చేయుటకు రెండు మార్గములు: ఒకటి దోషములను సరిచేయుట, రెండు తనిఖీ ప్రోగ్రాము నోరు నొక్కుట. రెండవదానికి ఒక్కొక్క వరుసకు నిమిషము చాలును. భాయి మొదటి మార్గమునే పట్టి, నొక్కక తప్పనిచోట కారణము వ్రాసిపెట్టినాడు. పని సాయంత్రమునకు ముగియలేదు. ఆ నెల ఆయనకు మంచిమాట దక్కలేదు. ఈ సంగతి విన్ననాడు మాలో ఎవరికిని మాట పెగలలేదు. మేము చదువుచున్నది కేవలము పరీక్షకొరకు కాదనియు, రేపు జీతముపై ఆధారపడి ఇల్లు నడుపవలసిన దినమున మాకును ఈ రెండు మార్గములే ఎదురగుననియు అప్పుడు తెలిసినది.

కాలము ఊరకుండదు. 2023లో వచ్చిన 6.5 కూర్పు నుండి లినక్స్‌లో గార్డ్ అను పద్ధతి ప్రవేశించినది. దానితో వేసిన తాళము ఆ భాగము ముగియగానే, ఏ దారిన వెలుపలికి పోయినను, కంపైలరే తీయించును. తలుపు దానంతట అదియే మూసికొనునట్లు స్ప్రింగు పెట్టుట వంటిది ఇది. ‘ఖోల్నా భూల్ గయే’ అను మాటకు అచ్చట తావు లేదు. కాని ఏ తాళము ముందు, ఏది వెనుక అను ప్రశ్నను ఏ స్ప్రింగును తీర్చజాలదు. ఆ కట్టుబాటును మనుష్యులే కూర్చుండి నిర్ణయించుకొని, వ్రాసి, అనుసరించవలెను.

సోదర విద్యార్థులారా! ఇట్టి పనికి పెద్ద నగరము అక్కరలేదు, విలువైన యంత్రము అక్కరలేదు. మూలగ్రంథము ఉచితము, స్పార్స్ ఉచితము, స్మాచ్ ఉచితము. ఆసిఫాబాదులో ఉన్నను, జగిత్యాలలో ఉన్నను, కావలసినది ఒక పాత కంప్యూటరు, కొంత ఓపిక. హెచ్చరికకు సరియైన సమాధానము వ్రాసినవానిది ఏ ఊరు, ఏ మాధ్యమము అని ఆ వ్రాత అడుగదు.

కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటి కలదు. ప్రయోగ పరీక్షలో నేడు ప్రోగ్రాము నడిచినదా, ఫలితము తెరపై వచ్చినదా అని మాత్రమే చూచి మార్కులు వేయుచున్నారు. రాబోవు సంవత్సరము నుండి రికార్డు పుస్తకములో ఒక పుట అదనముగా చేర్చవలెనని కోరుచున్నాము. ఆ పుటలో విద్యార్థి తన ప్రోగ్రాముపై కంపైలరును, తనిఖీ సాధనములును చేసిన హెచ్చరికలను వరుసగా వ్రాసి, ఒక్కొక్కదానికి ‘ఏలననగా’ అని తన సమాధానము వ్రాయవలెను. హెచ్చరికలు ఉన్నందుకు మార్కులు తగ్గింపవలదు. సమాధానము లేనందుకు మాత్రమే తగ్గింపవలెను. దీనికి ఖర్చు ఒక కాగితము. మేము ఈ యేడు వ్రాసికొన్న నోటుపుస్తకమును నమూనాగా గ్రంథాలయములో ఉంచినాము. తరువాతి తరగతివారు దానిలో తప్పులు వెదకి చూపినచో మాకు మిక్కిలి సంతోషము.